మెత్తగా దిగడం: కైట్‌బోర్డింగ్‌లో లూప్ పాత్ర

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:

• ఎగిరి దిగేవారికి దెబ్బ ఎందుకు తగులుతుందో వేగం, ఆగే దూరం అనే రెండు అంశాలతో వివరించగలుగుతారు.
• కైట్ తల మీదే ఉన్నా మనిషి ఎందుకు బరువుగా పడతాడో చెప్పగలుగుతారు.
• హెలి లూప్ చేసే క్రమాన్ని, అందులో సమయానికి ఉన్న ప్రాధాన్యాన్ని తెలుసుకుంటారు.
• ఉద్దానం వంటి తీరంలో గాలిని, నీటిని పరిశీలించి ఈ క్రీడకు అనువైన చోటేదో, కానిదేదో నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

సంక్రాంతి రోజుల్లో గాలిపటం ఎగరేసిన ప్రతివారికీ ఒక అనుభవం ఉంటుంది. పటం ఆకాశంలో కదలకుండా నిలబడి ఉన్నప్పుడు దారం చేతిలో తేలికగా ఉంటుంది. అదే పటం గిర్రున తిరిగి ఒక పక్కకు దూసుకుపోయినప్పుడు దారం ఒక్కసారిగా బిగుసుకుంటుంది, వేలు కోసుకుపోయేంతగా లాగుతుంది. గాలి మారలేదు, పటమూ మారలేదు. మారింది పటం వేగం ఒక్కటే. ఈ పాఠ్యభాగంలో మనం చెప్పుకోబోయే విషయమంతా ఈ చిన్న అనుభవం మీదే ఆధారపడి ఉంది.

కైట్‌బోర్డింగ్ అంటే పెద్ద గాలిపటం లాగుతుండగా, పాదాలు దూర్చే పట్టీలున్న పలక మీద నిలబడి నీటిపై జారిపోయే క్రీడ. ఇందులో వాడే గాలిపటాన్ని కైట్ అనే పిలుస్తారు. కైట్‌ను సుమారు 20 నుంచి 24 మీటర్ల పొడవున్న తీగల వంటి గట్టి తాళ్లతో ఒక చేతికర్రకు కలుపుతారు. ఈ చేతికర్రే బార్. నడుముకు కట్టుకున్న హార్నెస్ అనే పట్టీకి బార్‌ను తగిలిస్తారు కాబట్టి లాగుడు భారమంతా చేతుల మీద కాక నడుము మీద పడుతుంది. బార్‌కు ఎడమ కొస లాగితే కైట్ ఎడమకు, కుడి కొస లాగితే కుడికి తిరుగుతుంది. బార్‌ను మొత్తంగా దగ్గరకు లాక్కుంటే శక్తి పెరుగుతుంది, దూరంగా వదిలితే తగ్గుతుంది.

ఫ్రాన్సుకు చెందిన బ్రూనో, డొమినిక్ లెగెన్యూ సోదరులు గాలి నింపే కైట్‌కు 1984లో పేటెంట్ కోరారు. నీటిలో పడినా మునిగిపోకుండా తిరిగి లేవగలగడం దాని ప్రత్యేకత. 1990ల చివరికి ఈ క్రీడ ప్రపంచ తీరాలకు వ్యాపించింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మొదటిసారిగా కైట్ పోటీలు జరిగాయి. వాటికి వేదిక మార్సెయ్ తీరం. అయితే ఒలింపిక్స్‌లో జరిగేది పరుగు పందెం మాత్రమే, ఎగరడం కాదు. మన దేశంలో తమిళనాడులోని రామేశ్వరం, తూత్తుకుడి ప్రాంతాల్లో ఈ క్రీడను నేర్పే కేంద్రాలున్నాయి.

కైట్ సాయంతో నీటి మీది నుంచి గాలిలోకి లేవడం నేర్చుకున్నవారికి వెంటనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఎగరడం సరే, దిగడం ఎలా? మోకాళ్లు, చీలమండలు, నడుము దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. దిగుడు మెత్తగా ఉండాలంటే కాళ్ల బలం పెంచుకుంటే చాలని చాలామంది అనుకుంటారు. కానీ దిగుడు మెత్తదనాన్ని ముందుగా నిర్ణయించేది కాళ్లు కావు, చివరి రెండు సెకన్లలో కైట్ ఎక్కడ ఉంది, ఏం చేస్తోంది అన్న విషయం. దీన్ని ఇప్పుడు క్రమంగా పరిశీలిద్దాం.

2. దెబ్బ ఎక్కడి నుంచి వస్తుంది?

ఉద్దానంలో కొబ్బరి తోటల్లో తిరిగేవారికి చెట్టు కింద కూర్చోకూడదని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎత్తు పెరిగినకొద్దీ పడే వస్తువు వేగం పెరుగుతుంది. గాలి నిరోధాన్ని వదిలేస్తే, ఈ వేగాన్ని ఇలా లెక్కిస్తాం:

వేగం = √(2 × గురుత్వ త్వరణం × ఎత్తు)

5 మీటర్ల ఎత్తు నుంచి ఏ ఆధారమూ లేకుండా పడితే నీటిని తాకే సరికి వేగం సెకనుకు సుమారు 10 మీటర్లు, అంటే గంటకు 36 కిలోమీటర్లు. 10 మీటర్ల నుంచైతే సెకనుకు 14 మీటర్లు, గంటకు 50 కిలోమీటర్లు.

అయితే దెబ్బకు వేగం ఒక్కటే కారణం కాదు. ఆ వేగం ఎంత దూరంలో సున్నా అయిందన్నది కూడా అంతే ముఖ్యం. ఆగేటప్పటి సగటు త్వరణం = వేగం వర్గం ÷ (2 × ఆగే దూరం). మోకాళ్లు వంచి, పలక కొంత నీటిలోకి దిగి, మొత్తం అర మీటరు దూరంలో మీరు ఆగారనుకుందాం.

ఉదాహరణ 1: 70 కిలోల వ్యక్తి.

(అ) సెకనుకు 10 మీటర్ల వేగంతో దిగితే సగటు త్వరణం 100, అంటే గురుత్వ త్వరణానికి సుమారు 10 రెట్లు. శరీర బరువును కూడా కలిపితే కాళ్ల మీద పడే బలం బరువుకు దాదాపు 11 రెట్లు.

(ఆ) సెకనుకు 3 మీటర్ల వేగంతో దిగితే సగటు త్వరణం 9 మాత్రమే. బరువుతో కలిపి చూసినా కాళ్ల మీద పడే బలం బరువుకు రెండు రెట్లు మించదు.

వేగం మూడో వంతుకు తగ్గితే దెబ్బ మూడో వంతుకు కాక సుమారు తొమ్మిదో వంతుకు తగ్గుతోందని గమనించండి. ఎందుకంటే లెక్కలో ఉన్నది వేగం వర్గం. కాళ్లు వంచి ఆగే దూరాన్ని అర మీటరు నుంచి మీటరు చేయడం చాలా కష్టం. చేసినా దెబ్బ సగానికే తగ్గుతుంది. దిగే వేగాన్ని తగ్గించడమే అసలైన మార్గం. ఆ పని చేయగలిగింది కైట్ మాత్రమే.

3. తల మీదే ఉన్న కైట్ ఎందుకు చాలదు?

కైట్‌ను నెత్తి మీదకు, అంటే గడియారంలో 12 గంటల స్థానానికి తెచ్చి ఆపితే అది గొడుగులా మనల్ని మెల్లగా దింపుతుందని కొత్తవారు భావిస్తారు. ఇది కొంతవరకే నిజం. కైట్ మీద పనిచేసే బలం ఇది:

బలం = ½ × గాలి సాంద్రత × గాలి వేగం వర్గం × కైట్ వైశాల్యం × లిఫ్ట్ గుణకం

ఇక్కడ గాలి వేగం అంటే నేల మీద నిలబడినవారికి తగిలే గాలి వేగం కాదు, కైట్‌కు తగిలే గాలి వేగం. దీన్ని సాపేక్ష గాలి అంటారు. ఈ తేడాయే ఈ పాఠ్యభాగానికి కీలకం.

ఉదాహరణ 2: కైట్ వైశాల్యం 9 చదరపు మీటర్లు, గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు. లెక్క సులభంగా ఉండడం కోసం లిఫ్ట్ గుణకాన్ని 1గా తీసుకుందాం. గాలి సెకనుకు 10 మీటర్ల వేగంతో వీస్తోంది.

(అ) కైట్ కదలకుండా నిలబడి ఉంటే బలం 540 న్యూటన్లు. 70 కిలోల వ్యక్తి బరువు 686 న్యూటన్లు. అంటే కైట్ బరువును పూర్తిగా మోయలేదు.

(ఆ) ఎగిరిన వ్యక్తి గాలితోపాటే సెకనుకు 4 మీటర్ల వేగంతో కొట్టుకుపోతున్నాడనుకుందాం. అతనితోపాటు కైట్ కూడా అదే దిక్కుకు పోతుంది. కాబట్టి దానికి తగిలే గాలి 6 మీటర్లే. బలం 194 న్యూటన్లకు పడిపోతుంది.

(ఇ) అదే కైట్ వేగంగా కదిలి, దానికి తగిలే గాలి 15 మీటర్లయితే బలం 1215 న్యూటన్లు.

రెండో సందర్భాన్ని మరోసారి చూడండి. దూకినవారు గాలివాటున కొట్టుకుపోవడం సహజం. అలా పోతున్నకొద్దీ కైట్‌కు గాలి కరువవుతుంది. తాళ్లు వదులవుతాయి. సరిగ్గా సాయం కావలసిన చివరి క్షణంలో కైట్ చేతులెత్తేస్తుంది. దీనికి విరుగుడు మూడో సందర్భంలో ఉంది: గాలి చాలనప్పుడు కైట్ తన గాలిని తానే పుట్టించుకోవాలి. అంటే కదలాలి.

4. లూప్ ఏం చేస్తుంది?

టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి శీతాకాలంలో వచ్చే పెలికాన్లు, అంటే గూడబాతులు, చెట్టు మీద వాలే తీరును వీలైతే చూడండి. దూరం నుంచి రెక్కలు చాచి జారుతూ వచ్చిన పక్షి, కొమ్మ దగ్గర పడగానే ఒళ్లు నిటారుగా ఎత్తి రెక్కలను గట్టిగా ఆడిస్తుంది. అప్పటికి దాని వేగం తగ్గిపోయి ఉంటుంది. జారే రెక్క ఇక దాన్ని మోయలేదు. రెక్క ఆడించడం ద్వారా రెక్కకు తగిలే గాలిని పక్షి తానే పెంచుకుంటుంది.

కైట్ రెక్క ఆడించలేదు. కానీ చుట్టు తిరగగలదు. ఆ చుట్టునే లూప్ అంటారు. మనిషి ఎత్తులో ఉండగా కైట్‌ను తల మీద చిన్న వలయంలో తిప్పితే మూడు ప్రయోజనాలు కలుగుతాయి.

మొదటిది, కైట్ వేగం పెరిగి బలం పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది.

రెండవది, వలయం తల మీదే ఉండడం వల్ల ఆ బలంలో ఎక్కువ భాగం పైకి పనిచేసి, పడే వేగాన్ని తగ్గిస్తుంది.

మూడవది, వలయం పూర్తయ్యే దశలో కైట్ మనిషిని గాలి వీచే దిక్కుకు లాగుతుంది. దాంతో నిలువుగా పడవలసినవారు ఏటవాలుగా జారుతూ నీటిని తాకుతారు. కదులుతున్న బస్సు దిగేవారు బస్సు పోయే దిక్కునే నాలుగడుగులు పరుగెత్తి ఆగడం మీరు చూసే ఉంటారు. అడ్డంగా దిగినవారు బోర్లా పడతారు. ఇక్కడా అంతే. పలక ముక్కు లాగుడు దిక్కుకు తిరిగి ఉంటే మిగిలిన వేగమంతా జారుడుగా మారుతుంది. అడ్డంగా ఉంటే పలక అంచు నీటిలో గుచ్చుకుని మనిషిని ముందుకు విసురుతుంది.

5. హెలి లూప్ చేసే క్రమం

దిగుడును మెత్తబరచడానికి వాడే లూప్‌ను హెలి లూప్ అంటారు. తల మీద కైట్ తిరిగే తీరు హెలికాప్టర్ రెక్కను తలపిస్తుంది. మీరు గాలి వీచే దిక్కుకు ముఖం పెట్టి, ఎడమ వైపుకు ప్రయాణిస్తున్నారనుకోండి. అప్పుడు ఎడమ చేయి ముందు చేయి, కుడి చేయి వెనుక చేయి.

(1) ఎగిరేటప్పుడు కైట్‌ను 12 గంటల స్థానం దాటించి కొద్దిగా వెనక్కి, 1 గంట వైపుకు పంపుతారు. మీరు గాలిలోకి లేస్తారు.
(2) పైకి లేవడం ఆగి, కిందికి దిగడం మొదలైందని కడుపులో తెలిసే క్షణం ఒకటుంది. అప్పటికి కైట్ నెత్తి మీదే ఉందని ఒక్కసారి చూసి నిర్ధారించుకోండి.
(3) ముందు చేతిని గట్టిగా లాగండి. వెనుక చేయి బార్‌ను తోస్తూ సాయపడుతుంది. కైట్ ఎడమకు తిరిగి, కొంచెం కిందికి వంగి, చుట్టు మొదలుపెడుతుంది.
(4) లాగడం ఆపకండి. కైట్ ముక్కు మళ్లీ ఆకాశం వైపు తిరిగే వరకు అదే పట్టు ఉంచండి.
(5) ఆ సమయంలో చూపును దిగబోయే చోటికి మళ్లించండి. మోకాళ్లు కొద్దిగా వంచి, పలక ముక్కును గాలి వీచే దిక్కుకు తిప్పండి.
(6) కైట్ వలయం పూర్తి చేసుకుని పైకి లేస్తున్న దశలో పలక నీటిని తాకాలి. తాకగానే బార్‌ను కొద్దిగా వదిలి లాగుడు తగ్గించండి.

బార్‌ను ఒక కొస లాగడం వేరు, మొత్తంగా పొట్టకు హత్తుకోవడం వేరు. భయంతో బార్‌ను పూర్తిగా దగ్గరకు లాక్కుంటే కైట్ వెనుక అంచు ఎక్కువగా బిగిసి, అది ముందుకు ఎగరడం మానేస్తుంది. తిరగవలసిన కైట్ తిరగక వెనక్కి జారుతుంది. బార్ మధ్యస్థంగా ఉండాలి.

6. సమయం తప్పితే ఏమవుతుంది?

లూప్‌కు కొంత సమయం పడుతుంది. చిన్న కైట్ చురుగ్గా, చిన్న వలయంలో తిరుగుతుంది. పెద్ద కైట్ నెమ్మదిగా, పెద్ద వలయంలో తిరుగుతుంది. తాళ్లు పొడవైనకొద్దీ కూడా వలయం పెద్దదవుతుంది. కాబట్టి 7 మీటర్ల కైట్‌తో కుదిరిన సమయం 12 మీటర్ల కైట్‌తో కుదరదు.

మరీ ముందుగా మొదలుపెడితే ఎత్తులో ఉండగానే చుట్టు ముగుస్తుంది. కైట్ తిరిగి నిశ్చలమై, మిగిలిన ఎత్తు నుంచి ఆధారం లేకుండా పడతారు. మరీ ఆలస్యమైతే ఇంకా ప్రమాదం. మీరు నీటిని తాకేటప్పటికి కైట్ ముక్కు కిందికి ఉంటుంది. అప్పుడు అది పైకి కాక అడ్డంగా లాగి నీటికేసి కొడుతుంది. అన్నిటికంటే చెడ్డది సగం చేసిన లూప్. మధ్యలో భయపడి చేయి సడలిస్తే కైట్ ముక్కు నీటి వైపు ఉండగానే తిన్నగా దూసుకుపోతుంది. మొదలుపెడితే పూర్తి చేయాలి, పూర్తి చేయలేననుకుంటే మొదలుపెట్టకూడదు.

ఇక్కడ మరో భేదాన్ని గుర్తుంచుకోండి. పోటీల వీడియోల్లో కనిపించే మెగా లూప్ వేరు. అందులో వెనుక చేయి లాగి, కైట్‌ను మనిషి ముందున్న బలమైన గాలి మధ్యలోకి, ఒక్కోసారి మనిషి కంటే దిగువకు కూడా పంపుతారు. దాని ఉద్దేశం మెత్తగా దిగడం కాదు, అడ్డంగా విసిరివేయబడడం. పేరులో లూప్ ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. ఒకటి నేర్చుకుంటున్నామనుకుని రెండోదాన్ని అనుకరించడం నడుముకు ముప్పు.

7. నేర్చుకునే మెట్లు

మొదటి మెట్టు ఒడ్డు మీద. రెండు, మూడు చదరపు మీటర్ల శిక్షణ కైట్‌తో ఇసుకలో నిలబడి చుట్లు తిప్పడం నేర్చుకోవాలి. కళ్లు మూసుకున్నా కైట్ వలయంలో ఎక్కడుందో చేతికి తెలియాలి.

రెండవ మెట్టు నీటి మీద, ఎగరకుండా. దిక్కు మార్చుకునేటప్పుడు కైట్‌ను పై నుంచి కాక కింది నుంచి తిప్పే డౌన్‌లూప్ మలుపును సాధన చేయాలి. లాగుడు ఎప్పుడు పెరుగుతుందో, దాని వెంట పలకను ఎలా తిప్పాలో ఇక్కడ అలవాటవుతుంది.

మూడవ మెట్టు మీటరు, రెండు మీటర్ల చిన్న గెంతులు. మామూలు దిగుడులో కైట్‌ను ప్రయాణ దిక్కుకు ముందుకు నడిపించి దిగడం పక్కాగా రావాలి.

నాల్గవ మెట్టులో మాత్రమే హెలి లూప్. మోస్తరు గాలిలో, లోతైన నీటిలో, శిక్షకుని పర్యవేక్షణలో చేయాలి. శిరస్త్రాణం, దెబ్బను తట్టుకునే జాకెట్ తప్పనిసరి. ఆపదలో కైట్ శక్తిని ఒక్కసారిగా తీసేసే క్విక్ రిలీజ్‌ను చూడకుండా లాగగలిగేంత సాధన ముందే ఉండాలి.

8. మన తీరాన్ని ఎలా చదవాలి?

ఎండల మల్లికార్జునుని రావివలసలో ఉండి చదువుకునే విద్యార్థికి భావనపాడు వైపు సముద్రం దూరమేమీ కాదు. అయితే సముద్రం దగ్గరగా ఉండడం వేరు, అది ఈ క్రీడకు అనువుగా ఉండడం వేరు. ఏ తీరానికైనా ఈ నాలుగు ప్రశ్నలు వేయండి.

గాలి ఎటు నుంచి? శ్రీకాకుళం తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. నైరుతి రుతుపవన కాలపు గాలి తీరం వెంబడి గానీ, కొంత నేల వైపు నుంచి గానీ వీస్తుంది. మధ్యాహ్నం తరువాత వచ్చే సముద్రపు గాలి నీటి వైపు నుంచి వస్తుంది. నేల వైపు గాలిలో కైట్ వేసినవారు ఏదైనా తేడా వస్తే సముద్రంలోకి కొట్టుకుపోతారు. తీరానికి తిన్నగా ఎదురొచ్చే గాలి ఒడ్డుకేసి విసురుతుంది. కొంత పక్కగా ఉండి ఒడ్డు వైపుకు వీచే గాలి మేలు.

గాలికి అడ్డు ఉందా? సరుగుడు, కొబ్బరి తోటలను దాటి వచ్చే గాలి సుడులు తిరుగుతుంది. లూప్ మధ్యలో ఉన్న కైట్‌కు అలాంటి సుడి తగిలితే తాళ్లు వదులై కైట్ రాలిపోతుంది. చెట్ల ఎత్తుకు ఎన్నో రెట్ల దూరం వరకు ఈ ప్రభావం ఉంటుంది.

నీరు ఎలా ఉంది? కెరటాలు ఒడ్డు దగ్గరే బలంగా విరిగే చోట నేర్చుకోవడం కష్టం. మోకాలి లోతు నీరు జారడానికి బాగుంటుంది, ఎగరడానికి కాదు. దిగేటప్పుడు అడుగు తగులుతుంది. నౌపడా వంటి చోట్ల ఉప్పు మడుల నిండా నీరు కనిపించినా గట్లు, స్తంభాలు ఉన్న చోట కైట్ ఎగరేయరాదు. తెప్పలు, పడవలు దిగే చోటును, వలలు ఆరబెట్టే చోటును మత్స్యకారులకే వదిలేయాలి. ఏ చోట లోలోపలి ప్రవాహం లాగుతుందో చెప్పగలిగేది వారే కాబట్టి ముందుగా వారినే అడగాలి.

గాలి నిలకడగా ఉందా? సెకనుకు 10 మీటర్ల గాలి ఒక్క విసురులో 14 మీటర్లయితే కైట్ బలం దాదాపు రెట్టింపవుతుంది. వేసవి సాయంత్రాల గాలివానకు ముందు, అల్పపీడన హెచ్చరికలున్నప్పుడు ఇదే జరుగుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చిన సంగతి ఈ ప్రాంతంవారు మరచిపోలేరు. వాతావరణ శాఖ సూచనను చూడకుండా కైట్ విప్పరాదు.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికి సంతృప్తికరమైన జవాబు రాకపోయినా ఆ రోజు ఒడ్డు మీది సాధనతో సరిపెట్టుకోవాలి. శిక్షకుడు, రక్షణ పడవ లేని చోట గెంతులకు దిగకూడదు.

9. సారాంశం

దిగేటప్పుడు తగిలే దెబ్బ వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అందువల్ల కాళ్లతో ఆపుకోవడం కంటే కైట్‌తో వేగం తగ్గించుకోవడం మేలు. నిశ్చలంగా ఉన్న కైట్, మనిషి గాలివాటున కొట్టుకుపోతున్నప్పుడు బలం కోల్పోతుంది. తల మీద చిన్న వలయంలో తిరిగే కైట్ తనకు కావలసిన గాలిని తానే సంపాదించుకుని మనిషిని పైకి లాగి, నిలువు పాటును ఏటవాలు జారుడుగా మారుస్తుంది. దీనికి ఎత్తు, సమయం, పూర్తి చేసే నిబ్బరం మూడూ కావాలి. వీటిలో ఏది లోపించినా కాపాడవలసిన లూపే దెబ్బ తీస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. దిగే వేగం సగానికి తగ్గితే, ఆగే దూరం మారనప్పుడు, ఆపడానికి కావలసిన సగటు త్వరణం ఎంతకు తగ్గుతుంది?
2. గాలి సెకనుకు 12 మీటర్లు. కైట్, మనిషి కలిసి అదే దిక్కుకు సెకనుకు 6 మీటర్లతో పోతుంటే కైట్ బలం మొదటిదానిలో ఎన్నో వంతు?
3. హెలి లూప్‌కు, మెగా లూప్‌కు ఉద్దేశంలో గల భేదం ఏమిటి?
4. మీకు తెలిసిన ఒక తీరాన్ని ఎంచుకుని, విభాగం 8లోని నాలుగు ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.

సమాధానాలు: 1. నాలుగో వంతుకు. 2. నాలుగో వంతు. 3. హెలి లూప్ దిగే వేగాన్ని తగ్గించడానికి, మెగా లూప్ అడ్డంగా బలమైన లాగుడు కోసం. 4. విభాగం 8 చూడండి.